ఐబ్, హునర్, మధ్యలో ఒక దర్బాన్

ఉర్దూలో ఐబ్, హునర్ అనే రెండు మాటల్ని జోడీగా వాడతాం. ఐబ్ అంటే లోపం, హునర్ అంటే నేర్పు. ఒకటి ఉన్నచోట రెండోది ఉండదన్నట్టు మాట్లాడతాం. కాని సంగీతం తారీఖ్‌లో ఈ రెండూ ఎన్నోసార్లు ఒకదాని చోట్లోకి ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఎలక్ట్రిక్ గిటార్ కథ అందుకు మంచి మిసాల్. ఆ కథలో ముందు ఒక ఐబ్ హునరైంది. ఆ హునర్ తనతో పాటు కొత్త ఐబ్‌ను తెచ్చింది. ఆ కొత్త ఐబ్ బయటికి రాకుండా గడప దగ్గర ఒక దర్బాన్‌ను నిలబెట్టారు. ఆ దర్బాన్ పేరు నాయిస్ గేట్.

నేను గిటార్ వాయించను. ఇరవై ఏళ్లకు పైగా పత్రికల్లో పనిచేస్తూ మనుషుల మాటలు రికార్డు చేసుకోవడమే నా పని. ఈ సంగతి తవ్వడానికి కారణం ఇంజనీరింగ్ చదువుతున్న మా భాంజా. కాలేజీ బ్యాండ్‌లో వాయిస్తాడు. కాలితో నొక్కే డిస్టార్షన్ పెడల్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. "మామూ, దీని మీద వాల్యూమ్ అర్థమైంది, గెయిన్ అర్థమైంది. ఈ గేట్ అన్న నాబ్ తిప్పితే గిటార్ సగంలో గొంతు నొక్కినట్టు ఆగిపోతోంది. ఇది ఎందుకు పెట్టారు?" అని అడిగాడు. జవాబు వెతుకుతూ వెళితే అది ఒక నాబ్ సంగతి కాదని, దాదాపు వందేళ్ల కథ అని తెలిసింది.

మొదట ఐబ్ హునరైన కథ చెబుతాను. 1951 మార్చిలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో సామ్ ఫిలిప్స్ స్టూడియోకి ఐక్ టర్నర్ బృందం వచ్చింది. వాళ్లు రికార్డు చేసిన పాట 'రాకెట్ 88'. గిటార్ వాయించిన విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయర్ దారిలో దెబ్బతింది. కారు మీంచి పడిందని కొందరు, వానకు తడిసిందని కొందరు చెబుతారు. చిరిగిన స్పీకర్ కోన్‌లో కాగితాలు కుక్కి పని నడిపించారంటారు. ఆవాజ్ బొంగురుగా, గరగరమంటూ వచ్చింది. ఆ గరగరే విన్నవాళ్లకు నచ్చింది. 1958లో లింక్ రే అనే గిటారిస్టు 'రంబుల్' కోసం కావాలనే స్పీకర్‌కు చిల్లులు పొడిచాడు. ఒక్క మాట కూడా లేని ఆ సంగీతాన్ని, పేరులో గల్లీ కొట్లాటల వాసన ఉందని, కొన్ని రేడియో స్టేషన్లు వినిపించలేదు. 1964లో లండన్ కుర్రాడు డేవ్ డేవీస్ తన చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్‌ను బ్లేడుతో కోసి కింక్స్ బృందం పాట 'యూ రియల్లీ గాట్ మీ'కి ఆ ఆవాజ్ తెచ్చాడు.

వీళ్లంతా సామాను పాడుచేసి ఆవాజ్ సంపాదించారు. ఆ పాడైన ఆవాజ్‌ను ఒక డబ్బాలో పెట్టి అమ్మే ఆలోచన నాష్‌విల్ నగరంలో పుట్టింది. అక్కడ మార్టీ రాబిన్స్ 'డోంట్ వర్రీ' పాట రికార్డు చేస్తుండగా స్టూడియో మిక్సింగ్ డెస్క్‌లో ఒక చానల్ పాడైంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ ఆ చానల్ గుండా వెళ్లి తుమ్మెద ఝుంకారంలా బయటికొచ్చింది. తీసేద్దామా ఉంచుదామా అని మాట్లాడుకుని ఉంచేశారు. 1961లో పాట హిట్టయింది. మిగతా వాళ్లు కూడా ఆ ఆవాజ్ కావాలని అడగసాగారు. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ట్రాన్సిస్టర్లతో ఆ ఖరాబీని నకలు చేసే సర్క్యూట్ తయారుచేశాడు. గిబ్సన్ కంపెనీ దాన్ని తీసుకుని 1962లో 'మాస్ట్రో ఫజ్ టోన్' పేరుతో కాలిపెట్టెగా అమ్మింది. మొదట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం 'సాటిస్ఫాక్షన్'లో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాక కథ మారింది. మజా ఏమిటంటే, బాకాలు వాయించాల్సిన చోట గుర్తు కోసం మాత్రమే ఆయన ఆ ముక్క వాయించాడు. చివరికి ఆ గుర్తే పాటైంది.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. సితార్‌లో తీగల కింద ఉండే వెడల్పాటి మెట్టును కారీగర్ గంటల తరబడి అరగదీస్తాడు. తీగ దాని మీద కొంచెం రాసుకుంటూ మోగాలి. ఆ ఝంకారాన్నే జవారీ అంటారు. తంబురాలో తీగ కింద చిన్న దారం పెట్టి అదే పని చేస్తారు. శుద్ధమైన తీగ మోత ఒక్కటే చాలనుకుంటే ఈ శ్రమంతా అక్కర్లేదు. మన ఉస్తాద్‌లు ఆ గరగరను పుట్టించారు, నియంత్రించారు, దానికి పేరు కూడా పెట్టారు. అమెరికా కుర్రాళ్లు చిరిగిన స్పీకర్‌లో వెతికింది కూడా అలాంటిదే.

తేడా ఒకటుంది. జవారీ తీగ మోగుతున్నంతసేపే ఉంటుంది. తీగ ఆగితే అదీ ఆగుతుంది. కరెంటు మీద నడిచే డిస్టార్షన్ అలా కాదు. మీరు ఆగినా అది ఆగదు.

ఎందుకో చిన్న హిసాబ్‌తో చెబుతాను. గిటార్ తీగ కింద ఉండే పికప్ అంటే అయస్కాంతానికి చుట్టిన సన్నని రాగి తీగ. అది తీగ కదలికను కరెంటుగా మారుస్తుంది. అదే సమయంలో యాంటెనాలా పనిచేసి గోడలో వైర్లు, ట్యూబ్‌లైటు చోక్, కంప్యూటర్ అడాప్టర్ వదిలే గుంయ్ శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాలో 60. ఆ గుంయ్ మూలం అదే. తీగ మోత 100 మిల్లీవోల్టులు, గుంయ్ 1 మిల్లీవోల్టు అనుకుందాం. నూరింట ఒక వంతు, చెవికి పెద్దగా ఆనదు. ఇప్పుడు పెడల్ ఆ రెంటినీ 300 రెట్లు పెంచుతుంది. తీగ మోత 30 వోల్టులు కావాలి. కాని లోపలున్న డయోడ్లు 0.6 వోల్టు దగ్గర కప్పు వేసినట్టు కోసేస్తాయి. ఆ కోతే డిస్టార్షన్. గుంయ్ మాత్రం 0.3 వోల్టుకు పెరిగి, కప్పు తగలకుండా హాయిగా నిలబడుతుంది. నూరింట ఒకటిగా ఉన్నది సగమైపోయింది. వాయిస్తున్నప్పుడు తీగ మోత దాన్ని కప్పేస్తుంది. వేళ్లు ఆపగానే ఆ సగం హాలంతా నిండుతుంది.

దీనికి ఇలాజ్ వెతికిన వాళ్లలో ముందువరసలోని పేరు సెత్ లవర్. గిబ్సన్ కంపెనీలో పనిచేస్తూ ఆయన 1955లో హంబకర్ పికప్‌కు పేటెంట్ కోరాడు. రెండు కాయిల్స్‌ను ఒకదానికొకటి ఎదురుగా కలిపాడు, వాటి అయస్కాంత దిశల్నీ తారుమారు చేశాడు. బయటినుంచి వచ్చే గుంయ్ రెండిట్లో ఎదురెదురుగా వచ్చి రద్దయిపోతుంది, తీగ మోత మాత్రం కలిసి పెరుగుతుంది. చాలా చక్కటి పని. కాని ఇది పికప్ పట్టుకునే గుంయ్‌కే మందు. సర్క్యూట్ లోపలే పుట్టే సర్రుమనే హిస్ శబ్దం అలాగే ఉంటుంది. గెయిన్ పెంచేకొద్దీ అదీ పెరుగుతుంది.

ఇక్కడ గిటార్‌ను కాసేపు పక్కన పెట్టి టెలిఫోన్ దగ్గరికి వెళ్లాలి. ఎందుకంటే దర్బాన్‌ను నిలబెట్టే ఆలోచన గిటార్ వాళ్లది కాదు. 1927 జనవరి 7న న్యూయార్క్, లండన్‌ల మధ్య రేడియో ద్వారా టెలిఫోన్ మొదలైంది. మూడు నిమిషాలకు 75 డాలర్లు. సముద్రం మీదుగా రెండు దిక్కులా దారి తెరిచి ఉంచితే ఒక వైపు మాట రెండో వైపు నుంచి తిరిగొచ్చి ఊళ పెట్టేది. అందుకని ఇంజనీర్లు మాటతో నడిచే స్విచ్చులు పెట్టారు. ఒకరు మాట్లాడితే ఆ దిక్కు దారి తెరుచుకుని, ఎదుటి దిక్కు మూసుకునేది. మనిషి గొంతే తలుపు తీసే తాళంచెవి అయింది.

అదే రోజుల్లో సినిమాకు మాటొచ్చింది. ఫిల్ము అంచున వెలుగు గీతగా ఆవాజ్ అచ్చయ్యేది. ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గీతలో దుమ్ము, గీతలు, రసాయనపు గరుకు చిటచిటమని వినిపించేవి. 1930, 31 ప్రాంతంలో వెస్టర్న్ ఎలక్ట్రిక్, ఆర్‌సీఏ కంపెనీలు దానికి ఉపాయం కనిపెట్టాయి. ఆవాజ్ లేనప్పుడు వెలుగు పడే దారిని దాదాపు మూసేస్తారు, ఆవాజ్ రాగానే తెరుస్తారు. థియేటర్లో ఖామోషీ నిజంగా ఖామోషీగా వినిపించింది.

టేప్ రికార్డర్ల జమానాలో హిస్ మళ్లీ తలెత్తింది. దాని మీద పనిచేసిన రే డాల్బీకి మన దేశంతో రిష్తా ఉంది. 1963 నుంచి 1965 వరకు ఆయన ఐక్యరాజ్యసమితి తరఫున సాంకేతిక సలహాదారుగా ఇండియాలో పనిచేశాడు. 1965లో లండన్ వెళ్లి డాల్బీ ల్యాబొరేటరీస్ పెట్టాడు. ఆయన పద్ధతి గేట్ కాదు. రికార్డు చేసేటప్పుడే మెల్లని ఆవాజ్‌ను పెంచి రాసుకుని, వినిపించేటప్పుడు అంతే తగ్గించేవాడు. తగ్గింపులో టేప్ హిస్ కూడా తగ్గిపోయేది. అంటే దర్బాన్‌ను పెట్టకుండా, మెల్లగా మాట్లాడే మనిషిని ముందే ఎత్తైన పీట మీద కూర్చోబెట్టాడు. ఈ తేడా గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

స్టూడియోల్లో అసలైన గేట్ల దౌర్ 1970ల్లో మొదలైంది. పాల్ బఫ్ నడిపిన ఆలిసన్ రీసెర్చ్ కంపెనీ తయారుచేసిన కెపెక్స్ వాటిలో పేరున్నది. పనితీరు సాదా. ఒక హద్ పెడతారు. దాన్ని ఇంగ్లీషులో త్రెషోల్డ్ అంటారు. ఆ మాటకు అసలు అర్థం గడప, మన దహ్లీజ్. ఆవాజ్ ఆ గడపకంటే ఎత్తుగా వస్తే తలుపు తెరుచుకుంటుంది. దిగిపోతే మూసుకుంటుంది. తలుపు ఎంత తొందరగా తెరవాలన్నది అటాక్, ఆవాజ్ తగ్గాక ఎంతసేపు ఆగాలన్నది హోల్డ్, ఎంత నెమ్మదిగా మూయాలన్నది రిలీజ్. ఆవాజ్ సరిగ్గా గడప మీదే ఊగిసలాడితే తలుపు గాలికి కొట్టుకున్నట్టు టపటపలాడుతుంది. అది జరక్కుండా మంచి గేట్లలో తెరిచే గడపను కాస్త ఎత్తులో, మూసే గడపను కాస్త కిందకు పెడతారు.

ఇంత సాదా పనిముట్టుతో హునర్ పుట్టించిన వాళ్లున్నారు. 1977లో బెర్లిన్ గోడకు దగ్గర్లో ఉన్న హాన్సా స్టూడియోలో డేవిడ్ బౌయీ 'హీరోస్' పాడాడు. ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటి పెద్ద హాల్లో మూడు మైకులు పెట్టాడు. ఒకటి నోటి దగ్గర, రెండోది దాదాపు 20 అడుగుల దూరాన, మూడోది 50 అడుగుల దూరాన. దూరపు రెండింటికీ గేట్లు తగిలించాడు. బౌయీ మెల్లగా పాడితే దగ్గరి మైకే పనిచేస్తుంది. గొంతు పెంచితే రెండో తలుపు, అరిస్తే మూడో తలుపు తెరుచుకుని హాలంతా మోగుతుంది. పాట వింటే ఒక మనిషి గదిలోంచి మైదానంలోకి నడిచొస్తున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత లండన్‌లోని టౌన్‌హౌస్ స్టూడియోలో పీటర్ గాబ్రియెల్ ఆల్బమ్ కోసం ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తుంటే, ఇంజనీరు హ్యూ ప్యాడ్‌గమ్ ఆ గది మోతకు గేట్ పెట్టాడు. ధన్‌మని మోగిన మోత గోడ కట్టినట్టు టక్కున ఆగింది. 1981లో కాలిన్స్ పాట 'ఇన్ ది ఎయిర్ టునైట్'తో ఆ ఆవాజ్ లోకమంతా పాకింది. శోర్‌ను ఆపడానికి వచ్చిన దర్బాన్ ఇక్కడ తానే కళాకారుడయ్యాడు.

గిటార్ కాలిపెట్టెల్లోకి గేట్ కూడా ఆ దశకంలోనే వచ్చింది. ఎంఎక్స్ఆర్ కంపెనీ 1970ల్లో నాయిస్ గేట్ పెడల్ తెచ్చింది. జపాన్ కంపెనీ బాస్ 1979లో ఎన్ఎఫ్-1, 1980ల చివర్లో ఎన్ఎస్-2 తెచ్చాయి. అప్పటికి మెటల్ సంగీతం బాగా ఎదిగింది. బాస్ హెచ్ఎం-2 పెడల్ 1983లో వచ్చింది. స్వీడన్ కుర్రాళ్లు దాని నాబ్‌లన్నీ ఆఖరిదాకా తిప్పి డెత్ మెటల్‌కు ఒక ఆవాజ్ ఇచ్చారు. 1991లో మెటల్ జోన్ వచ్చింది. గెయిన్ పెరిగేకొద్దీ శోర్ పెరిగింది. శోర్ పెరిగేకొద్దీ ఖామోషీ అవసరం పెరిగింది.

మెటల్ సంగీతానికి ఖామోషీ ఎందుకని మీరు అడగవచ్చు. ముషాయిరాకు వెళ్లిన వాళ్లకు ఈ జవాబు తేలిగ్గా అర్థమవుతుంది. షాయర్ మొదటి మిస్రా రెండుసార్లు చదివి ఆగుతాడు. ఆ వక్ఫాలో మహఫిల్ ఊపిరి బిగపడుతుంది. అప్పుడు రెండో మిస్రా పడుతుంది. ఆ ఆగిన క్షణంలో మైకు సర్రుమంటే షేర్ సగం చచ్చిపోతుంది. మెటల్ గిటార్ కూడా అలాగే నడుస్తుంది. అరచేయి తీగల మీద ఆనించి ధన్, ధన్, ధన్ అని కొట్టి ఒక్కసారిగా ఆపుతారు. ఆ ఆగడం కూడా తాళంలో ఒక దెబ్బే. అక్కడ హిస్ నిండితే తాళం కనిపించదు.

అందుకే గేట్‌ను డిస్టార్షన్ డబ్బాలోనే పెట్టేశారు. 1990ల్లో జాకరీ వెక్స్ తయారుచేసిన ఫజ్ ఫ్యాక్టరీ అనే పెడల్ మీద గేట్ పేరుతో ఒక నాబ్ ఉంది. దాన్ని తిప్పుతూ పోతే వెనకాల ఊళ, హిస్ నొక్కుకుపోతాయి. మరీ తిప్పితే సుర్ కూడా ముక్కలు ముక్కలుగా తెగుతుంది. ఆ తెగడం కూడా కొందరికి ఇష్టం. 2000 తర్వాత లైన్ 6 ఊబర్ మెటల్, ఎంఎక్స్ఆర్ ఫుల్‌బోర్ మెటల్, ఆంప్‌ట్వీకర్ టైట్ మెటల్ లాంటివి లోపలే గేట్‌తో వచ్చాయి. ఇలా ఒకే డబ్బాలో ఉండడంలో ఒక సహూలియత్ ఉంది. ఇందాకటి హిసాబ్ గుర్తు చేసుకోండి. డిస్టార్షన్ తర్వాత తీగ మోతకు, గుంయ్‌కు తేడా రెండింతలే. డిస్టార్షన్‌కు ముందు నూరింతలు. డిస్టార్షన్ తర్వాత నిలబెట్టిన దర్బాన్‌కు ఎవరు మెహమాన్, ఎవరు చొరబాటుదారు అన్నది పోల్చుకోవడం కష్టం. డబ్బా లోపలే గేట్ ఉంటే దాని చెవిని ముందు తలుపు దగ్గర, చేతిని వెనక తలుపు దగ్గర పెట్టే వీలుంది. శుద్ధమైన గిటార్ మోతను విని, బయటికొచ్చే ఆవాజ్‌ను ఆపుతుంది. అన్ని పెడల్స్‌లోనూ ఈ ఏర్పాటు ఉండదు. ఉన్నవాటిలో మాత్రం గేట్ నాజూకుగా పనిచేస్తుంది.

మా భాంజా అడిగినదానికి వాడితో కూర్చుని చేసిన తజ్‌రిబా ఇది. మీ ఇంట్లో గిటార్ పట్టిన పిల్లలుంటే పనికొస్తుంది. ముందు గేట్‌ను పూర్తిగా తగ్గించాలి. పాటకు కావాల్సినంత గెయిన్ పెట్టుకోవాలి. మోజు మీద పెట్టే గెయిన్ వేరు, పాటకు కావాల్సింది వేరు. గెయిన్ కాస్త తగ్గిస్తే సగం శోర్ గేట్ అవసరం లేకుండానే పోతుంది. తర్వాత తీగల మీద చేయి పెట్టి మూసి, గేట్ నాబ్‌ను మెల్లగా పెంచాలి. హిస్ ఆగిన చోట ఆగాలి. చాలామంది పని అయిపోయిందనుకునేది ఇక్కడే. అసలు ఇమ్తిహాన్ ఇప్పుడు మొదలవుతుంది. ఒక సుర్ మీటి చేయి తీసేయాలి. అది తనంతట తాను తగ్గుతూ తగ్గుతూ పోవాలి. మధ్యలో టక్కున తెగితే గడప ఎత్తు ఎక్కువైనట్టు. టపటపలాడుతూ తెగినా అంతే. నాబ్ కొంచెం వెనక్కి తిప్పాలి. మెల్లగా మీటిన సుర్ తలుపు తీయగలుగుతోందా అన్నది కూడా చూసుకోవాలి. డిలే, రివర్బ్ లాంటి పెడల్స్ ఉంటే గేట్ తర్వాతే పెట్టాలి. ముందు పెడితే వాటి తోకల్ని కూడా గేట్ కోసేస్తుంది.

ఒక జాగ్రత్త. గేట్ నొప్పి మాత్ర లాంటిది, మరజ్‌కు ఇలాజ్ కాదు. మీరు వాయిస్తున్నప్పుడు తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి గుంయ్ కూడా లోపలికి వస్తూనే ఉంటుంది. కారణం నాసిరకం అడాప్టర్ కావచ్చు, చిరిగిన కేబుల్ కావచ్చు, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడం కావచ్చు. పాత ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్ పట్టని సాకెట్లు ఉంటాయి. గుంయ్ తగ్గుతుందని కొందరు ఆంప్లిఫయర్ ఎర్త్ పిన్ తీసేస్తారు. అది ప్రాణాలతో చెలగాటం. గిటార్ తీగలు లోహం, చేతులకు చెమట ఉంటుంది. తీగ ముట్టుకుంటే జివ్వుమన్నా, మైకుకు పెదవి తగిలి షాక్ కొట్టినా అక్కడే ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఆ పని ఏ నాబ్‌తోనూ కాదు.

ఇక నా పేషా సంగతి. గేట్ ఇప్పుడు గిటార్ వాళ్ల దగ్గరే లేదు. మనం ఫోన్లో మాట్లాడినా, ఆన్‌లైన్ మీటింగ్‌లో కూర్చున్నా, రికార్డింగ్‌ను కంప్యూటర్‌లో సాఫ్ చేసినా దాని బిరాదరీ ఏదో ఒకటి మధ్యలో ఉంటుంది. కొన్నేళ్ల కింద బీడీలు చుట్టే ఒక ఖాలాతో మాట్లాడి రికార్డు చేసుకొచ్చాను. ఆమె మాట్లాడుతూనే కత్తెరతో తునికాకు కత్తిరిస్తూ ఉంది. ఆఫీసులో ఆడియో చూసే కుర్రాడు మంచి మనసుతోనే దాన్ని సాఫ్ చేసి ఇచ్చాడు. విన్నాను. కత్తెర ఆవాజ్ మాటల మధ్య ఖాళీల్లో మాయమైంది. దానికి నేను అంత బాధపడలేదు. ఖాలా తనతో పాటు పనిచేసి వెళ్లిపోయిన ఆడవాళ్లను తలుచుకుంటూ ఒక్కొక్కరి పేరు చెప్పింది. ఆ పేర్లు చెప్పేటప్పుడు గొంతు దించింది. పోయినవాళ్ల పేర్లు ఎవరు మాత్రం గట్టిగా చెబుతారు? ఆ పేర్లు గడప దాటలేదు. గేట్ వాటిని శోర్ అనుకుని తలుపు మూసింది. అదృష్టం, అసలు రికార్డింగ్ నా దగ్గర భద్రంగా ఉంది. కుర్రాడు, నేను కలిసి గడపను దించాం. ఆ చోట్లలో గొంతును కొంచెం పెంచాం. పేర్లు తిరిగొచ్చాయి, వాటితో కత్తెర కూడా వచ్చింది. అలాగే ఉంచాం.

అప్పుడు నాకు డాల్బీ పద్ధతి గుర్తొచ్చింది. శోర్‌ను తగ్గించడానికి రెండు దారులున్నాయి. ఒకటి గడప ఎత్తు పెంచి, దాన్ని దాటలేనివాళ్లను బయటే ఉంచడం. రెండోది మెల్లగా మాట్లాడేవాళ్లను ముందే గుర్తించి, వాళ్ల ఆవాజ్‌ను జాగ్రత్తగా ఎత్తుకోవడం. మొదటిది తేలిక, ఒక నాబ్ చాలు. రెండోదానికి వినే ఓపిక కావాలి.

గేట్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దర్బాన్ లేకపోతే మెటల్ తాళం ఉండదు, 'హీరోస్'లో ఆ మూడు తలుపులూ ఉండవు. కాని దర్బాన్‌కు చెవులు లేవు. వాడి దగ్గర ఉన్నది ఒక కొలబద్ద మాత్రమే. ఎంత గట్టిగా వచ్చావన్నదే చూస్తాడు, ఏం చెప్పడానికి వచ్చావన్నది వాడికి తెలియదు. సుర్ చివరి శ్వాస, సర్క్యూట్ సర్రుమనే హిస్ వాడి లెక్కలో ఒకే ఎత్తు. ఆ రెంటి మధ్య తేడా తెలిసింది నాబ్ మీద చేయి ఉన్న మనిషికే. అందుకే భాంజాకు నేను చెప్పింది ఒక్కటే. హిస్ ఆగిందా అని చూసి వదిలేయకు బేటా, సుర్ పూర్తయ్యేదాకా విను. అది తనంతట తాను పోయాక తలుపు మూసుకుంటే గేట్ సరిగా ఉన్నట్టు.